గురులఘువుల చక్రం: రేఖీయ సీక్వెన్షియల్ సర్క్యూట్ల గణితం

రేఖీయ సీక్వెన్షియల్ సర్క్యూట్‌లో ఉండేవి మూడే రకాల భాగాలు. మొదటిది జ్ఞాపకపు గడి. లోపలికి వచ్చిన అంకెను ఒక క్లాక్ పల్స్ దాకా పట్టి ఉంచి, తరువాతి పల్స్‌కు బయటికి వదులుతుంది. ఇంజనీర్లు దీన్ని డి ఫ్లిప్‌ఫ్లాప్ అంటారు. రెండోది కూడిక చేసేది. మూడోది, వచ్చిన అంకెను ఒక స్థిరాంకంతో హెచ్చవేసేది. ఈ కూడికలూ హెచ్చవేతలూ మామూలు సంఖ్యలతో జరగవు, శేషాలతో జరుగుతాయి. ఈ మూడు భాగాలను ఎన్ని కలిపినా, ఆ సర్క్యూట్ వెయ్యో పల్స్ దగ్గర ఏ స్థితిలో ఉంటుందో దాన్ని నడపకుండానే కాగితం మీద చెప్పవచ్చు. మిగతా సర్క్యూట్లలో చాలావాటికి లేని సుగుణం ఇది.

శేషాల లెక్క తెలుగువారికి కొత్తది కాదు. ఉగాదికి మొదలయ్యే సంవత్సరం పేరు కట్టాలంటే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1987 తీసివేసి, మిగిలినదాన్ని 60తో భాగించి, శేషం చూస్తే చాలు. ప్రభవ శేషం 0, విభవ 1, శుక్ల 2. 2025కు శేషం 38 వస్తుంది, అది విశ్వావసు. ఎన్ని శతాబ్దాలు గడిచినా పేర్లు అరవైకి మించవు. గణితంలో దీన్నే మాడ్యులో 60 అంటారు. దీనికి క్రమబద్ధమైన రూపం ఇచ్చినవాడు గౌస్, 1801లో వచ్చిన గ్రంథంలో. శేషాలతో సమీకరణాలు సాధించే కుట్టకం మాత్రం 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది.

సర్క్యూట్లకు కావలసినది అరవై లాంటి సంఖ్య కాదు, ప్రధాన సంఖ్య. అరవైలో 12ను 5తో హెచ్చవేస్తే శేషం సున్నా, అంటే సున్నా కాని రెండు అంకెల లబ్ధం సున్నా అయిపోయింది. అక్కడ భాగహారం చెల్లదు. 2, 3, 5, 7 వంటి ప్రధాన సంఖ్యల దగ్గర ఈ ఇబ్బంది రాదు. సున్నా కాని ప్రతి శేషానికీ ఒక విలోమం ఉంటుంది, కాబట్టి సమీకరణాలు సాధించే పద్ధతులన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

ఒకే గడి ఉన్న సర్క్యూట్ మాడ్యులో 7లో ఎలా నడుస్తుందో బడిలో నేర్చిన దీర్ఘ భాగహారమే చూపిస్తుంది. ఒకటిని ఏడుతో భాగించేటప్పుడు ప్రతి మెట్టులోనూ శేషాన్ని పదితో హెచ్చవేసి మళ్లీ ఏడుతో భాగిస్తాం. ఏడు దగ్గర పదికి శేషం మూడు, కాబట్టి ఇది గడిలో ఉన్నదాన్ని మూడుతో హెచ్చవేసి తిరిగి గడిలో పెట్టే యంత్రం. శేషాలు 1, 3, 2, 6, 4, 5 అని నడిచి ఆరో మెట్టుకు మళ్లీ 1 దగ్గరికి వస్తాయి. భాగఫలంలో 142857 తిరిగి తిరిగి రావడానికి కారణం ఈ ఆరు మెట్ల చక్రమే. చక్రం పొడవు ఎంతో చెప్పడానికి భాగహారం చేయనక్కర లేదు. మూడును ఎన్నిసార్లు హెచ్చవేస్తే మాడ్యులో 7లో ఒకటి వస్తుందో లెక్కిస్తే సరిపోతుంది.

డిజిటల్ సర్క్యూట్లలో వాడేది అన్నిటికన్నా చిన్న ప్రధాన సంఖ్య, రెండు. శేషాలు 0, 1 మాత్రమే. కూడికలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: 1, 1 కలిస్తే 0. అందువల్ల ఇక్కడ తీసివేతకూ కూడికకూ తేడా లేదు. ఈ కూడికను చేసే గేటు పేరు ఎక్స్‌ఆర్. హెచ్చవేత ఇంకా తేలిక. ఒకటితో హెచ్చవేయడమంటే తీగ కలపడం, సున్నాతో హెచ్చవేయడమంటే కలపకపోవడం. కాబట్టి మాడ్యులో 2 రేఖీయ సర్క్యూట్‌లో ఫ్లిప్‌ఫ్లాపులు, ఎక్స్‌ఆర్ గేట్లు, తీగలు తప్ప మరేమీ ఉండవు.

ఫ్లిప్‌ఫ్లాపులను వరుసగా పేర్చి, ఒకదాని అవుట్‌పుట్‌ను పక్కదాని ఇన్‌పుట్‌గా కలిపితే షిఫ్ట్ రిజిస్టర్ అవుతుంది. కొన్ని గడుల్లోని అంకెలను కూడి వరుస చివరికి పంపితే అది తనంతట తాను నడిచే యంత్రం. దీని సంపూర్ణ ఉదాహరణ ఒకటి తెలుగు ఛందస్సులో ఉంది. పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురం బడుల్లో పద్యాలకు గణ విభజన చేసిన పిల్లలందరికీ అది నోటికి వచ్చు. గురువును 1గా, లఘువును 0గా రాస్తే మూడక్షరాల గణాలు ఎనిమిదీ మూడు గడుల రిజిస్టర్‌కు ఉన్న ఎనిమిది స్థితులే. మ గణం 111, న గణం 000, భ గణం 100, జ గణం 010, స గణం 001, య గణం 011, ర గణం 101, త గణం 110. ఇంజనీరింగ్ పుస్తకాలు ఈ విషయాన్ని మాత్రికలతో మొదలుపెడతాయి. తెలుగు విద్యార్థికి గణాలతో మొదలుపెట్టడమే దగ్గరి దారి.

నడక నియమం ఇది: గణంలోని మొదటి అక్షరాన్నీ మూడో అక్షరాన్నీ మాడ్యులో 2లో కూడాలి, వచ్చినదాన్ని చివర చేర్చాలి, మొదటి అక్షరాన్ని తుడిచేయాలి. మార్కాపురం పలక మీద బలపంతో వేసి చూడదగినంత చిన్న లెక్క. మ గణంతో మొదలుపెడితే 1, 1 కలిసి 0. చివర 0 చేరి 110 అవుతుంది, అది త గణం. త గణంలో 1, 0 కలిసి 1. 101, ర గణం. ర తరువాత 010, జ గణం. జ తరువాత 100, భ గణం. భ తరువాత 001, స గణం. స తరువాత 011, య గణం. య గణంలో 0, 1 కలిసి 1 వచ్చి 111 అవుతుంది, అంటే మళ్లీ మ గణం. ఏడు గణాలు ఒకే చక్రంలో తిరిగాయి. న గణం ఒక్కటే విడిగా ఉండిపోయింది. సున్నాకు సున్నా కలిపితే సున్నాయే కాబట్టి అది కదలదు. ఏ రేఖీయ యంత్రమైనా, బయటి ఇన్‌పుట్ లేనప్పుడు, సున్నా స్థితిలో ఉంటే అక్కడే ఉంటుంది.

ఈ చక్రంలో ప్రతిసారీ తుడిచేసిన అక్షరాన్ని వరుసగా రాస్తూ పోతే 1110100 అనే ఏడంకెల క్రమం పదే పదే వస్తుంది. గణాలను గుర్తుపెట్టుకోవడానికి చెప్పే యమాతారాజభానసలగం సూత్రాన్ని గురులఘువులుగా రాస్తే 0111010001. మొదటి అక్షరం నుంచి మూడేసి చూస్తే య, రెండో అక్షరం నుంచి చూస్తే మ, ఆ వరుసనే త, ర, జ, భ, న, స. రిజిస్టర్ నడిచిన వరుసకూ దీనికీ ఉన్న తేడా ఒక్కచోటే. రిజిస్టర్ భ నుంచి నేరుగా స దగ్గరికి వెళ్లింది, సూత్రం మధ్యలో న గణం దగ్గర ఆగి వెళ్లింది. సూత్రంలో చివరి రెండక్షరాలు మొదటి రెండే కాబట్టి, వాటిని తీసేసి మిగిలిన ఎనిమిదింటిని గుండ్రంగా చుడితే ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారి వచ్చే చక్రం అవుతుంది. ఇలాంటి చక్రాలను ఆధునిక గణితంలో ద బ్రౌన్ క్రమాలు అంటారు. డచ్ గణితవేత్త ద బ్రౌన్ 1946లో ఏ పొడవుకు ఇవి ఎన్ని ఉంటాయో లెక్కించాడు. మూడక్షరాలకు రెండే ఉన్నాయి: ఒకటి మన సూత్రం, రెండోది దాన్ని వెనక నుంచి చదివినది. ఈ సూత్రంలోని గణితాన్ని 1961లో అమెరికన్ గణితవేత్త షెర్మన్ స్టెయిన్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేశాడు.

న గణాన్ని కూడా చక్రంలోకి తీసుకురావాలంటే రిజిస్టర్‌కు ఒక గేటు చేర్చాలి. గణంలో చివరి రెండక్షరాలూ లఘువులైనప్పుడు మాత్రమే ఆ గేటు 1 ఇస్తుంది, దాన్ని కూడికలో కలపాలి. అప్పుడు భ నుంచి న, న నుంచి స వస్తాయి. కాని ఆ గేటు రెండు అంకెలను కలిపి చూస్తుంది. అందులో కూడిక కాదు, అంకెకూ అంకెకూ హెచ్చవేత ఉంది. దానితో యంత్రం రేఖీయం కాకుండా పోతుంది. ఒక్క స్థితిని చేర్చినందుకు చెల్లించవలసిన మూల్యం అది.

ఆ మూల్యం ఎంతటిదో తెలియాలంటే రేఖీయత వల్ల దక్కేది ఏమిటో చూడాలి. రెండు స్థితులను కూడి నడిపించినా, విడివిడిగా నడిపించి ఆ తరువాత కూడినా, ఫలితం ఒకటే కావడాన్ని రేఖీయత అంటారు. మ గణానికీ త గణానికీ అంకెకు అంకె కూడితే 001, స గణం. ఒక్క మెట్టు నడిపితే మ త అవుతుంది, త ర అవుతుంది. త, రలను కూడితే 110, 101 కలిసి 011, య గణం. స గణాన్ని నేరుగా నడిపినా వచ్చేది య గణమే. అందువల్ల సర్క్యూట్ స్థితులన్నిటినీ విడిగా పరీక్షించనక్కర లేదు. మూడు గడుల యంత్రానికి స, జ, భ అనే మూడు గణాల నడక తెలిస్తే మిగతావన్నీ వాటి మొత్తాలే. ముప్పై గడులుంటే స్థితులు నూరు కోట్లు దాటుతాయి, తెలియవలసినవి మాత్రం ముప్పై.

బయటి నుంచి ఇన్‌పుట్ వచ్చే సర్క్యూట్లకూ ఇదే సూత్రం. అవుట్‌పుట్ రెండు భాగాల మొత్తం. ఇన్‌పుట్ లేకుండా మొదటి స్థితి ఒక్కదాని వల్ల వచ్చేది ఒక భాగం, మొదటి స్థితి సున్నా అనుకుని ఇన్‌పుట్ వల్ల వచ్చేది రెండో భాగం. రెంటినీ విడిగా కట్టి కూడుకోవచ్చు. మాత్రికల భాషలో, తరువాతి స్థితి అంటే ఇప్పటి స్థితిని ఒక మాత్రికతో హెచ్చవేసి, ఇన్‌పుట్‌ను ఇంకో మాత్రికతో హెచ్చవేసి కూడినది. అన్నీ మాడ్యులో 2లోనే. గణాల రిజిస్టర్ మాత్రికను ఏడుసార్లు హెచ్చవేస్తే యూనిట్ మాత్రిక వస్తుంది. చక్రం పొడవు ఏడని చెప్పే మరో విధానం ఇది.

మాత్రిక కన్నా చేతికి తేలిక బహుపది. చలరాశిని చ అనుకుంటే, గణాల రిజిస్టర్ బహుపది చ³ + చ² + 1. ఒక అక్షరానికి మూడు మెట్ల తరువాత వచ్చే అక్షరం, ఆ అక్షరానికీ దాని రెండు మెట్ల తరువాతి అక్షరానికీ మొత్తమని దీని అర్థం. ఇక చ ఘాతాలను ఈ బహుపదితో భాగించి శేషాలు చూడాలి. చ³ = చ² + 1. దాన్ని చతో హెచ్చవేస్తే చ⁴ = చ² + చ + 1. ఆపైన చ⁵ = చ + 1, చ⁶ = చ² + చ. చివరికి చ⁷ = చ³ + చ² = 1. ఏడో ఘాతానికి ఒకటి వచ్చింది. సంఖ్యలకు ప్రధాన సంఖ్యలెలాగో, బహుపదులకు అవిభాజ్య బహుపదులు అలాగ. అవిభాజ్య బహుపదితో భాగించగా వచ్చే శేషాలు తమలో తాము కూడికలు, హెచ్చవేతలు, భాగహారాలు అన్నీ చెల్లే పరిమిత క్షేత్రం అవుతాయి. దీన్ని 1830లో గాల్వా కనిపెట్టాడు, అప్పటికి అతని వయసు ఇరవై నిండలేదు.

చక్రాల పొడవు మొత్తం ఈ బహుపది స్వభావం మీదే ఆధారపడి ఉంటుంది. నియమాన్ని మార్చి, మొదటి అక్షరాన్నే తీసి చివర పెడుతూ పోతే బహుపది చ³ + 1 అవుతుంది. అది చ + 1, చ² + చ + 1 అని విడిపోతుంది. ఇప్పుడు ఎనిమిది గణాలూ నాలుగు గుంపులుగా చీలిపోతాయి. మ, న రెండూ కదలవు. య, త, ర ఒక చక్రం. స, జ, భ ఇంకొకటి. అవిభాజ్యమైనంత మాత్రాన పెద్ద చక్రం రావాలని కూడా లేదు. నాలుగు గడుల రిజిస్టర్‌కు చ⁴ + చ³ + చ² + చ + 1 పెడితే, సున్నా కాని పదిహేను స్థితులూ అయిదేసి చొప్పున మూడు చక్రాలుగా చీలతాయి. చ⁴ + చ + 1 పెడితే పదిహేనూ ఒకే చక్రంలో తిరుగుతాయి. సున్నా తప్ప అన్ని స్థితులనూ ఒకే చక్రంలో తిప్పే బహుపదిని ఆదిమ బహుపది అంటారు. మూడు గడులకు ఇవి రెండు, పది గడులకు అరవై. బహుపదిలో స్థిర పదం సున్నా అయితే రెండు వేర్వేరు స్థితులు ఒకే స్థితిలో కలిసిపోతాయి. అలాంటి యంత్రంలో కొన్ని స్థితులు చక్రంలోకి దారి తీస్తాయే గాని, వాటి దగ్గరికి యంత్రం మళ్లీ రాదు. చక్రాలన్నిటినీ బహుపది కారణాంకాల నుంచి లెక్కగట్టే సిద్ధాంతాన్ని బెర్నార్డ్ ఎల్‌స్పాస్ 1959లో పూర్తిగా రాశాడు. అంతకు మూడు నాలుగేళ్ల ముందే డేవిడ్ హఫ్‌మన్ ఆలస్యాన్ని ఒక గుర్తుగా పెట్టుకుని, సర్క్యూట్ మొత్తాన్నీ బహుపదుల భిన్నంగా రాసే పద్ధతి చూపించాడు. ఆ గుర్తును ఆ అనుకుంటే గణాల రిజిస్టర్ 1 కింద 1 + ఆ + ఆ³ ఉన్న భిన్నం. ఈ భాగహారాన్ని మాడ్యులో 2లో సాగదీస్తే మొదటి ఏడు గుణకాలూ 1, 1, 1, 0, 1, 0, 0. ఒకే ఒక్క పల్స్ లోపలికి పంపితే ఈ యంత్రం దాన్ని ఎప్పటికీ మరచిపోదని అర్థం. సోలమన్ గోలోంబ్ 1967లోనూ, ఆర్థర్ గిల్ 1966లోనూ రాసిన పుస్తకాలు ఈ శాస్త్రానికి నేటికీ మూలస్తంభాలు.

ఇదంతా ఉపయోగానికి వచ్చే చోట్లలో మొదటిది తప్పులు పట్టడం. సమాచారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపేటప్పుడు మధ్యలో ఏదో ఒక అంకె తిరగబడవచ్చు. దాన్ని కనిపెట్టడానికి సమాచారాన్ని బహుపదిగా చూసి, ముందే అనుకున్న బహుపదితో భాగించి, శేషాన్ని చివర తగిలించి పంపుతారు. అందుకున్నవారు మళ్లీ భాగిస్తారు. శేషం సున్నా రాకపోతే తప్పు జరిగినట్టు. 1961లో పీటర్సన్, బ్రౌన్ రాసిన పరిశోధనా పత్రం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో తిరిగే ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేము చివరా 32 అంకెల శేషం ఇలాగే ఉంటుంది. భాగహారం చేయడానికి వేరే కంప్యూటర్ అక్కరలేదు. బహుపదికి తగినట్టు తీగలు కలిపిన షిఫ్ట్ రిజిస్టర్‌లోకి అంకెలను ఒక్కొక్కటిగా పంపితే, చివరికి అందులో మిగిలేదే శేషం.

గణాలతోనే దీన్ని పూర్తిగా చూడవచ్చు. పంపవలసినది 1011 అనుకుందాం. చివర మూడు సున్నాలు చేర్చితే చ⁶ + చ⁴ + చ³. పైన కట్టిన శేషాలను మూడంకెలుగా రాస్తే చ⁶ త గణం, చ⁴ మ గణం, చ³ ర గణం. మూడింటినీ కూడితే 100, భ గణం. దాన్ని సున్నాల స్థానంలో పెడితే పంపేది 1011100. అందుకున్న చోట రిజిస్టర్ న గణంతో మొదలవుతుంది. ప్రతి మెట్టులోనూ ఉన్నదాన్ని చతో హెచ్చవేసి, వచ్చిన అంకెను కూడుతుంది. మొదటి అంకెకు స, రెండో అంకెకు జ, మూడో అంకెకు ర, నాలుగో అంకెకు త, అయిదో అంకెకు న. మిగిలిన రెండు సున్నాలకూ న గణమే. చివరికి న గణం మిగిలింది కాబట్టి తప్పు లేదు.

దారిలో రెండో అంకె తిరగబడి 1111100 అందిందనుకుందాం. రేఖీయత వల్ల శేషం, అసలు మాట శేషానికీ తప్పు శేషానికీ మొత్తం. అసలు మాట శేషం సున్నా. తప్పు ఉన్నది చ⁵ స్థానంలో. కాబట్టి మిగిలేది చ⁵ శేషమైన చ + 1, అంటే 011, య గణం. ఏడు స్థానాలకూ ఏడు వేర్వేరు గణాలున్నాయి: చివరి అంకె తప్పితే స, దాని ముందుదైతే జ, తరువాత వరుసగా భ, ర, మ, య, మొదటి అంకె తప్పితే త. అంటే మిగిలిన గణం తప్పు జరిగిందని మాత్రమే చెప్పి ఊరుకోదు, ఎక్కడ జరిగిందో కూడా చెబుతుంది, సరిదిద్దుకోనిస్తుంది. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన కోడ్ ఇదే, షిఫ్ట్ రిజిస్టర్ వేషంలో. దీనికి హద్దు కూడా ఉంది. చివరి రెండంకెలూ తప్పితే స, జ గణాలు కలిసి య గణం వస్తుంది, రిజిస్టర్ రెండో అంకెను అనవసరంగా దిద్దుతుంది. రెండు మూడు తప్పులను కూడా దిద్దగల కోడ్‌లు కావాలంటే ఇంకా పెద్ద పరిమిత క్షేత్రాలు కావాలి. వాటిని 1959లో ఫ్రాన్స్‌లో హోకెంగెమ్, 1960లో రాజచంద్ర బోస్, ద్విజేంద్ర కుమార్ రాయ్‌చౌధురి కనిపెట్టారు.

బోస్ దారి సర్క్యూట్ల నుంచి వచ్చింది కాదు, పొలం నుంచి వచ్చింది. వ్యవసాయ ప్రయోగాల్ని ఎలా అమర్చాలన్నది 1940లలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద ప్రశ్న. అక్కడ బోస్‌తో పాటు పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు. లోకం ఆయనను సి.ఆర్. రావుగా ఎరుగును. 1920లో పుట్టి 2023లో కన్నుమూసిన ఆయన ఆ దశకంలోనే ఆర్థోగోనల్ అరేలు అనే అమరికలను ప్రవేశపెట్టారు. వాటిలో చిన్నదొకటి మన ఏడంకెల క్రమంలోనే ఉంది. 1110100ను ఒక్కో స్థానం జరుపుతూ ఏడు వరుసలు రాసి, ఎనిమిదో వరుసగా ఏడు సున్నాలు పెట్టాలి. ఏ రెండు నిలువు వరుసలను తీసుకున్నా 00, 01, 10, 11 నాలుగూ సరిగ్గా రెండేసి సార్లు కనిపిస్తాయి. పశ్చిమ ప్రకాశంలో ఒక కంది రైతు విత్తనం, ఎరువు, విత్తే దూరం వంటి ఏడు విషయాల్లో ఒక్కోదాంట్లో రెండేసి పద్ధతులు పోల్చాలనుకుంటే, అన్ని కలయికలూ వేయడానికి 128 మళ్లు కావాలి. ఈ అమరిక ప్రకారం వేస్తే, ఏ విషయం ప్రభావమూ ఇంకో విషయాన్ని బట్టి మారదనుకునే చోట, ఎనిమిది మళ్లు చాలు. షిఫ్ట్ రిజిస్టర్ గుండ్రంగా తిరగడమూ చేలో మళ్లు సమంగా పంచడమూ ఒకే గణితమని తెలియడం ఈ శాస్త్రంలోని పెద్ద ఆనందం.

ఆదిమ బహుపది ఇచ్చే క్రమాలకు ఇంకో గుణం కూడా ఉంది. చూడడానికి అవి చీట్లు తీసినట్టు ఉంటాయి. 1110100లో ఒకట్లు నాలుగు, సున్నాలు మూడు. పది గడులైతే 1023 అంకెల్లో ఒకట్లు 512, సున్నాలు 511. క్రమాన్ని తనతోనే జరిపి పోల్చితే, సరిపోయిన చోట్ల లెక్కలోంచి సరిపోని చోట్ల లెక్క తీసేస్తే ఎప్పుడూ మైనస్ ఒకటే వస్తుంది. ఏమీ జరపకుండా పోల్చినప్పుడు మాత్రం పూర్తి 1023. అంటే క్రమం ఎంత జరిగిందో తప్పకుండా తెలిసిపోతుంది. క్రమాన్ని ఉపగ్రహం పంపిందనుకుంటే, జరిగిన దూరం తెలిస్తే అది చేరడానికి పట్టిన సమయం తెలుస్తుంది, సమయం తెలిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

మన శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న పీఎస్‌ఎల్‌వీ-సీ22 మీద వెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహాలతో స్థానం గుర్తించే భారతీయ నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం. ఏడోది 2016 ఏప్రిల్ 28న వెళ్లింది. అందరికీ అందుబాటులో ఉన్న సేవ కోసం ఒక్కో ఉపగ్రహం పంపే కోడ్ రెండు పది గడుల రిజిస్టర్ల మొత్తం. ఒకదాని బహుపది చ¹⁰ + చ³ + 1, రెండోదానిది చ¹⁰ + చ⁹ + చ⁸ + చ⁶ + చ³ + చ² + 1. మొదటిది అన్ని ఉపగ్రహాల్లోనూ పది ఒకట్లతో మొదలవుతుంది. రెండోదాని మొదటి స్థితి ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో రకం, ఉపగ్రహాన్ని గుర్తుపట్టేది దాంతోనే. అంకెలు సెకనుకు 10 లక్షల 23 వేల చొప్పున నడుస్తాయి కాబట్టి 1023 అంకెల చక్రం ఒక మిల్లీసెకనులో పూర్తవుతుంది. ఒక అంకె గాలిలో ఆక్రమించే పొడవు దాదాపు 293 మీటర్లు. అంకె లోపలి భాగాలను కూడా కొలుస్తారు కాబట్టి కొనకనమిట్ల సెంటరులో నిలబడ్డవారి ఫోను వీధిని కూడా గుర్తుపడుతుంది. రెండు ఉపగ్రహాల కోడ్‌లను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు వచ్చే తేడా మైనస్ 1, మైనస్ 65, 63 తప్ప వేరొకటి కాదు. రాబర్ట్ గోల్డ్ నిరూపించిన ఫలితం ఇది. అందుకే ఒకే ఫ్రీక్వెన్సీ మీద అన్ని ఉపగ్రహాలూ మాట్లాడినా ఫోను దేనికది వేరు చేసుకోగలదు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి చేర్చిన ఎల్1 సంకేతంలో 10230 అంకెల కొత్త కోడ్ ఉంది. దాని మూలం మాడ్యులో 4 శేషాల లెక్కలో ఉంది. నాలుగు ప్రధాన సంఖ్య కాదు, రెండును రెండుతో హెచ్చవేస్తే సున్నా. ఆ ఇబ్బందిని తట్టుకునే సిద్ధాంతాన్ని గణితవేత్తలు 1990ల నాటికి పక్కాగా కట్టారు.

చిప్‌లను పరీక్షించడంలోనూ ఈ రిజిస్టర్లు పనికొస్తాయి. పరీక్ష అంకెలను ఒక రిజిస్టర్ తయారుచేస్తుంది, చిప్ ఇచ్చిన జవాబులన్నిటినీ ఇంకో రిజిస్టర్ భాగించి శేషం మిగుల్చుతుంది. శేషం మంచి చిప్ శేషంతో కలిస్తే చిప్ మంచిదే. రిజిస్టర్‌కు పదహారు గడులుంటే, చెడ్డ చిప్ కూడా అదే శేషం ఇచ్చి తప్పించుకునే అవకాశం సుమారు 65,536లో ఒకటి.

రహస్యాలు దాచడానికి మాత్రం రేఖీయ రిజిస్టర్ ఒంటరిగా పనికిరాదు. కారణం మళ్లీ రేఖీయతే. మూడు గడుల రిజిస్టర్ నుంచి ఆరు అంకెలు దొరికాయనుకుందాం: 1, 1, 1, 0, 1, 0. తీగలు ఎక్కడ కలిపారో తెలియదు. గడులకు మూడు తెలియని గుణకాలు పెడితే మూడు సమీకరణాలు వస్తాయి. నాలుగో అంకె 0 కాబట్టి మూడు గుణకాల మొత్తం 0. అయిదో అంకె 1 కాబట్టి మొదటి రెంటి మొత్తం 1. ఆరో అంకె 0 కాబట్టి మొదటి, మూడోవాటి మొత్తం 0. మొదటి రెండు సమీకరణాల నుంచి మూడోది 1, దాని నుంచి మొదటిది 1, మిగిలిన రెండోది 0. తీగలు మొదటి గడికీ మూడో గడికీ కలిపి ఉన్నాయని తేలిపోయింది. గడులెన్ని ఉన్నా వాటికి రెట్టింపు అంకెలు దొరికితే యంత్రం మొత్తం బట్టబయలే. సమీకరణాలు కూడా అక్కరలేకుండా ఒక్కో అంకెతో జవాబును సరిదిద్దుకుంటూ పోయే పద్ధతిని బెర్లెకాంప్ కోడ్‌ల కోసం కనిపెట్టగా, జేమ్స్ మాసీ 1969లో అది షిఫ్ట్ రిజిస్టర్లను పట్టే పద్ధతేనని చూపించాడు. కాబట్టి సంకేత లిపుల్లో రేఖీయ రిజిస్టర్ల అవుట్‌పుట్‌ను రేఖీయం కాని పనిముట్టుతో కలుపుతారు. జీఎస్‌ఎం సెల్‌ఫోన్ల ఎ5/1 అనే సంకేత లిపిలో 19, 22, 23 గడుల రిజిస్టర్లు మూడున్నాయి. ప్రతి పల్స్‌కూ ఏవి కదలాలో మూడింటిలోనూ ఒక్కో గడిని చూసి మెజారిటీని బట్టి నిర్ణయిస్తారు, రేఖీయతను చెడగొట్టేది ఆ మెజారిటీయే. అంత చేసినా అది నిలవలేదు. బిర్యుకోవ్, షమీర్, వాగ్నర్ 2000లో దాన్ని మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద ఛేదించవచ్చని చూపించారు.